లాభం అన్న మాట

మట్టిలో ఊపిరి ఊది మనిషిని చేసిన దేవునికి స్తోత్రం. ఇచ్చిన ఊపిరిని తిరిగి అడిగే హక్కు ఉండి కూడా అడగకుండా ఆగిన ఆయన ఓర్పుకు స్తోత్రం. మనిషి తన పేరు తానే మరిచిపోయిన పూట కూడా ఆ పేరు మరిచిపోని ఆయన జ్ఞాపకానికి స్తోత్రం. ఈ చివరి స్తోత్రం సంఘంలో ఎవరూ చేయగా నేను వినలేదు. నేనెందుకు చేస్తున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక వచ్చిన మొదటి మామిడి కాపు అది. అప్పుడు మేం ముసునూరు అవతల ఒక తోటలో కాపలా పాకలో ఉండేవాళ్ళం. మేమంటే నేనూ, మా ఆయనా. పిల్లలు లేరు. ఊరు దూరం. వేసవిలో కాయకోతకు మనుషులు వస్తే సందడి, వాళ్ళు వెళ్ళిపోతే మళ్ళీ ఆకుల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. మా ఆయన మా చిన్న సంఘానికి ఉపదేశి. పాదిరిగారు ఎప్పుడో గాని రారు కాబట్టి ఆదివారాల్లో వాక్యం చదివి, దాని అర్థం చెప్పే పని ఆయనది. మిగతా రోజుల్లో అందరిలాగే తోటపని. చదివిన అధ్యాయాన్ని పుస్తకం మూసి అక్షరం పోకుండా చెప్పగలిగేవారు. నాకు చదువు నేర్పింది కూడా ఆయనే.

ఆ తోట కాపును నూజివీడు సావుకారు ఒకాయన కొనేవాడు. కోసిన రసాల కాయలను నాలుగేసి ఎత్తి బుట్టలో వేస్తూ, పైకి లెక్క చెప్పే పని మా ఆయనకు అప్పజెప్పేవాడు. లెక్కలో తప్పు రాదని నమ్మకం. ఒక్క విషయంలోనే ఇద్దరికీ పేచీ. మా వైపు ధాన్యం కొలిచినా కాయలు ఎత్తినా ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, అందులో ఏడుపు వినిపిస్తుందని ఆరున్నొకటి అంటారు. మా మామగారు కూడా అలాగే లెక్కపెట్టేవారట, మా ఆయన చిన్నప్పుడు నేర్చుకున్నదీ అదే. బాప్తిస్మం తీసుకున్నాక ఆ రెండు మాటలూ వదిలేశారు. ఒకటిని ఒకటనీ, ఏడును ఏడనీ అనేవారు.

"ఉపదేశీ, పొద్దున్నే ఒకటీ అని మొదలెడితే ఆ ఒక్కటే మిగులుద్దయ్యా. లాభం అంటే నీ నోరేం అరుగుద్ది?" అనేవాడు సావుకారు.

"లాభనష్టాలు ఇచ్చేవాడు పైనున్నాడండీ. నేను కాయలెత్తేవాణ్ణి. ఒకటీ..."

"సరే, ఆ ఏడు మాత్రం కాస్త మెల్లగా అనవయ్యా బాబూ. మా ఇంటావిడ చెవిన పడితే నాకు అన్నం పెట్టదు."

కోతకొచ్చిన వాళ్ళంతా నవ్వేవారు. మా ఆయన ఏడు దగ్గరకొచ్చేసరికి కావాలని గొంతు పెంచేవారు. సావుకారు చెవులు మూసుకునేవాడు. కోపతాపాలు ఉండేవి కావు. అదొక ఆట.

ఆ వేసవి కోతలు జోరుగా సాగుతుండగా, కాయ కోసే చిక్కం కట్టిన వెదురు కర్ర చీలి దాని పేడు మా ఆయన కుడి అరచేతిలో దిగింది. దాని మీద మామిడి సొన పడి భగ్గున మండిందట. పేడు లాగేసి, నేను పసుపు అద్ది గుడ్డ కడితే, ఆయన మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయారు. తోటపని చేసేవాళ్ళ చేతులకు దెబ్బలు లేని రోజు ఉండదు. తర్వాత అరచెయ్యి ఉబ్బి నిగనిగలాడింది. వణుకుతో జ్వరం వచ్చింది. చలిజ్వరం మా వైపు కొత్త కాదు కాబట్టి క్వినైను మాత్రలు మింగించాను.

జ్వరానికి నేను భయపడలేదు. నన్ను మొదట భయపెట్టింది చొక్కా.

పొద్దున్న లేచి చొక్కా వేసుకోబోయి, మెడ దూర్చాల్సిన చోట చెయ్యి దూర్చారు. రాలేదు. తీసి మళ్ళీ అక్కడే దూర్చారు. తర్వాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఇదేమిటా అన్నట్టు చూస్తూ కూర్చున్నారు. నేను తొడిగాను. "ఇవాళ ఆదివారం కదా, గుడికి వేళయింది," అన్నారు. కాదండీ, వారం మధ్యలో ఉన్నాం అన్నాను. సరేనన్నారు. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి వచ్చేలోపు మళ్ళీ అదే మాట, మొదటిసారి అడుగుతున్నట్టే, అదే ముఖంతో. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అడిగారు. ఏ పండగ ఏ వారంలో పడుతుందో సంఘానికంతటికీ చెప్పే మనిషి ఆయన.

అక్కణ్ణించి ఒక్కొక్కటే మారుతూ వచ్చింది. పగలు పిలిస్తే కళ్ళు తెరిచి, నేను మాట పూర్తి చేసేలోపే మూసుకునేవారు. దీపం పెట్టాక మాత్రం లేచి కూర్చుని, చూరులో చీమలు పాకుతున్నాయని దులపమనేవారు. చూరులో చీమలు లేవు. పడుకున్న మనిషి పరుగెత్తి వచ్చినట్టు ఊపిరి తీసేవారు. నీళ్ళ గ్లాసు అందుకోమంటే, చాచిన చెయ్యి ఉన్నట్టుండి మణికట్టు దగ్గర వాలిపోయి, మళ్ళీ లేచి, మళ్ళీ వాలేది. సన్నటి రెమ్మ మీద నిలదొక్కుకోలేని పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టు ఉండేది. నుదురు కాలుతుంటే మోకాళ్ళు చల్లగా, మచ్చలు మచ్చలుగా ఉండేవి. మోచేతి లోపల్నించి చంక దాకా ఎర్రటి చార పాకింది.

ఆ తర్వాత ఎడమచేతి వేళ్ళు దుప్పటి మీద మొదలయ్యాయి. లేనిదాన్ని ఏదో ఏరుతూ, ఎత్తుతూ, పక్కన పెడుతూ. పెదాలు కదులుతున్నాయి. చెవి దగ్గరపెట్టి విన్నాను.

"లాభం," అన్నారు. "లాభం."

లెక్కలో ఆయన నోట ఆ మాట పెళ్ళయ్యాక నేనెప్పుడూ వినలేదు. ఆయనలోని ఆయన ఎక్కడికో వెళ్ళిపోయి, ఎప్పటి పిల్లవాడో ఆ మంచం మీద పడుకుని కాయలెత్తుతున్నాడు. ఇంక ఇంట్లో ఉంచుకునే జబ్బు కాదనిపించింది. నూజివీడులో ఆసుపత్రి ఉంది. వెళ్ళడానికి బండి లేదు. దారినపోయే కూలీ ఒకామె చేత మా సంఘపెద్దగారికి కబురు పంపాను, బండి చూడమని.

వాళ్ళు మధ్యాహ్నం ఎండలో నడిచి వచ్చారు. పెద్దాయన, ఆయన వెంట సంఘంలోని ఆడా మగా. బండి లేదు. ఉపదేశికి బాగాలేదనే కబురే అందింది, బండి మాట దారిలో ఎక్కడో పడిపోయింది. అయినా అంతమందిని చూసి నా ప్రాణం లేచొచ్చింది. పెద్దాయన మా ఆయన్ను కొడుకులా చూసుకున్న మనిషి, ఆయన్ను ఉపదేశిని చేయమని పాదిరిగారికి చెప్పింది కూడా ఆయనే. మంచం పక్కన మోకరించి చెవి ఒగ్గి విన్నారు.

"లాభం," అన్నారు మా ఆయన, కళ్ళు సగం మూసి. "లాభం..."

పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక్కి తిరిగి, "విన్నారా? ఆ మాట ఎక్కడిదో గుర్తుపట్టారా?" అన్నారు.

వెనక ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు.

"సంకెళ్ళలో కూర్చుని అపొస్తలుడు రాసిన మాటమ్మా! బతికితే ప్రభువు కోసం, పోతే తనకు లాభమేనన్న మాట. పోయిన ఏడాది మన ఉపదేశి దాని మీదే కదా చెప్పింది, అంతా ఏడ్చారు! ఇవాళ చెప్పడం కాదు, సాక్ష్యమే ఇస్తున్నాడు."

ఆడవాళ్ళు స్తోత్రం, స్తోత్రం అన్నారు.

"అది వాక్యం కాదండీ పెద్దయ్యగారూ," అన్నాను. "లెక్కపెడుతున్నారు. ఆ చెయ్యి చూడండి. కాయలు ఎత్తుతున్నారు."

"అమ్మాయ్, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. మీ ఆయన ఎన్నడైనా లెక్కలో లాభం అన్నాడా?"

"అనలేదండీ."

"సావుకారు ఎన్నిసార్లు ఎగతాళి చేసినా అనలేదు గదా?"

"అనలేదండీ."

"మరి ఇవాళెందుకంటాడు? లెక్క కాదు గనకే అన్నాడు."

"అందుకేనండీ నాకు భయం. ఎన్నడూ అననిది అంటున్నారు. ఇది ఆయన కాదండీ. బండి దొరికితే నూజివీడు తీసుకుపోతాను."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టారు. "పరుగుపందెం ముగించి పరలోకపు గుమ్మంలోకొచ్చిన వాణ్ణి చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతావా తల్లీ? ఈ ఎండలో, ఆ కుదుపుల్లో? ప్రశాంతంగా పోనీ."

వెనకనుంచి ఒకామె పక్కామెతో అంది, "పాపం, వదల్లేకపోతంది. మొగుడు గదా."

"మనమైతే వదుల్తామేంటి?" అంది పక్కామె.

పాట ఎత్తారు. చివరి ప్రయాణానికి పాడే పాట. ఆ పాక నిండా మనుషులు. అందరూ మమ్మల్ని ప్రేమించే వాళ్ళే. అంతమంది మధ్య నాలాగా ఆలోచించే మనిషి ఒక్కరూ లేరు. నేను కూడా ఆ పాట పాడుతూ పెరిగినదాన్నే. ఆ పూట వాళ్ళతో గొంతు కలపలేకపోయాను. ఆయన ఎడమ చెయ్యి మాత్రం పాటతో సంబంధం లేకుండా ఏరుతూనే ఉంది.

పాట మధ్యలో బయట ఎద్దుల గంటలు ఆగాయి. "ఉపదేశీ! ఏంటయ్యా, పొద్దు తిరిగింది, కాయంతా ఎండలో ఉడుకుతోంది!" అని సావుకారు గొంతు. కొన్నాళ్ళుగా వేరే తోట కోతలో ఉన్నాడు, జబ్బు సంగతి తెలియదు. ఆయన మా పాకల్లోకి అడుగుపెట్టే మనిషి కాదు. ఎప్పటిలాగే వాకిట్లో నిలబడ్డాడు. పాట అయిపోయింది. ప్రార్థనకు ముందు అందరూ తలలు వంచినప్పుడు నిశ్శబ్దం వచ్చింది. ఆ నిశ్శబ్దంలో మా ఆయన గొంతు ఒక్కసారి తేటగా వినిపించింది.

"నాలుగు. అయిదు. ఆరు. ఆరున్నొకటి. ఎనిమిది."

వాకిట్లో సావుకారు పెద్దగా నవ్వాడు. "ఓరి నీ! ఇన్నేళ్ళకు నా దారిలోకొచ్చావటయ్యా!" అంటూ వంగి గుమ్మంలోంచి చూశాడు. మంచాన్నీ, చుట్టూ మోకరించిన వాళ్ళనూ చూసి, నవ్వు సగంలో ఆపేశాడు.

"సావుకారుగారూ, కాస్త ఆగండి. ఆయన వాక్యం చెబుతున్నాడు," అన్నారు పెద్దాయన.

"వాక్యమా?" అన్నాడు సావుకారు. "మీ వాక్యంలో ఆరున్నొకటి కూడా ఉంటదా పెద్దాయనా?"

ఒక ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకుంది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. పెద్దాయన మళ్ళీ వంగి విన్నారు. ఈసారి చాలాసేపు విన్నారు. లాభం తర్వాత రెండు వచ్చింది, రెండు తర్వాత మూడు. ఆయన ముఖంలో రంగు పోయింది.

"సంధి పుట్టిందయ్యా ఈయనకి," అన్నాడు సావుకారు. "జ్వరం తలకెక్కింది. ఇట్టా కూర్చుంటారేంటి అందరూ?"

పెద్దాయన లేచి నిలబడ్డారు. "బండి ఎటు పోతోందండీ?"

"ఎటు పొమ్మంటే అటు పోద్ది. ముందు ఆ బుట్టలు దింపండి."

మొదటి బుట్ట దింపింది పెద్దాయనే. ఆ వయసులో ఆయన బరువులు ఎత్తకూడదు. ఎవరు వద్దన్నా వినలేదు.

వరిగడ్డి పరిచి మా ఆయన్ను దాని మీద పడుకోబెట్టారు. ఒక్కరైనా బండెక్కుతారేమోనని అందరి వైపూ చూశాను. ఒకరికి చంటిపిల్ల, ఒకరికి మర్నాడు కోత, ఒకరికి ఇంట్లో ముసలివాళ్ళు. అన్నీ నిజమైన కారణాలే. పెద్దాయన చక్రం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు, చెయ్యి తీశారు, బండి కదిలింది. తోలేవాడు ముందు కూర్చుని వెనక్కి తిరగలేదు. మా ఇద్దరి మీద నేను కొంగు పందిరిలా పట్టుకున్నాను.

రోడ్డెక్కాక మా ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశారు. చాలా మర్యాదగా అడిగారు.

"అమ్మగారూ, మీరు ఎందాకా?"

నన్ను ఏమే అని తప్ప పిలిచి ఎరగని మనిషి.

"నూజివీడు దాకానండీ," అన్నాను.

"మా ఇంటావిడ తోటలో ఒక్కతే ఉంటుంది. పొద్దు వాలకముందే నేను వెనక్కి పోవాలి."

"పోదురు గాని లెండి."

"ఆవిడకు ఒంటరిగా ఉండాలంటే భయమండీ. పైకి చెప్పదు."

ఆ సంగతి ఆయనకు తెలుసని నాకప్పటిదాకా తెలియదు. ఆయన చెయ్యి పట్టుకోబోయాను. పరాయి ఆడమనిషి ముట్టుకుందన్నట్టు మెల్లగా వెనక్కి తీసుకున్నారు. తర్వాత నిద్రలోకి జారిపోయారు. ఎద్దుల గంటలు తప్ప ఇంకేం లేదు. బుట్టలు దింపినా గడ్డిలో మాగిన రసాల వాసన ఉండిపోయింది. నాకు ఆకలి వేసింది. అలాంటప్పుడు కూడా ఆకలి వేస్తుందా అని నాకే వింతగా అనిపించింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చెయ్యి కట్టు విప్పి చూసి, వాసనకు ముఖం తిప్పుకోకుండా, నన్ను అడిగింది.

"మాట తేడాగా ఎప్పట్నించి ఉందమ్మా?"

"చొక్కా వేసుకోవడం రానప్పట్నించండీ."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఇంకా ఏం చూశావు? ఏదీ చిన్నదని వదిలెయ్యకు." చెప్పాను. ఆదివారం సంగతి, చీమల సంగతి, పగటి నిద్ర, ఊపిరి. "ఒంటికి సరిగ్గా పోతున్నాడా?" అనడిగింది. నిన్నట్నించి చాలా తక్కువన్నాను. ఆయన తల కింద చెయ్యి పెట్టి ఎత్తింది, మెడ ఇబ్బంది లేకుండా వంగింది. కళ్ళలో దీపం వేసి చూసింది. ఎదురొచ్చే మనిషిని ఆపినట్టు రెండు చేతులూ చాచి పట్టుకోమంది, నేను ఇంట్లో చూసినట్టే అవి వాలి లేచి వాలాయి. శనివారం నుంచి వెనక్కి వారాలు చెప్పమంది. "శనివారం," అన్నారు ఆయన. ఆగారు. "లాభం," అన్నారు.

డాక్టరమ్మ నన్ను వరండాలోకి తీసుకొచ్చింది.

"ఇది పిచ్చి కాదు. ఏ గాలీ సోకలేదు. తలలో పుండూ లేదు. చేతిలో చీము విషమై రక్తంలో కలిసింది. ఒళ్ళంతా దానితో పోరాడుతోంది. ఆ పోరాటంలో మెదడు తూలిపోయింది. ఒక్కోసారి అన్నిటికంటే ముందు తూలేది అదే. చుట్టూ ఉన్నవాళ్ళు నిద్రమత్తనుకుంటారు, చాదస్తమనుకుంటారు."

"బతుకుతారాండీ?"

"ఇంకాస్త ఆగి తెచ్చుంటే లేదనేదాన్ని. ఇప్పుడు చెప్పలేనంటున్నాను."

"ఆయన... ఆయనలాగే వస్తారాండీ?"

ఆమె వార్డు గుమ్మం వైపు చూసింది. "ముందు మనిషిని దక్కించుకుందాం," అంది.

అరచెయ్యి కోసి చీము తీశారు. అప్పుడప్పుడే వస్తున్న పెన్సిలిన్ సూదిమందు పొద్దూ మాపూ ఆపకుండా పొడిచారు. నేను వార్డు గుమ్మం పక్కన నేల మీద కూర్చుని ఉండేదాన్ని. మిగతా మంచాల వాళ్ళకు అన్నం గిన్నెలు వచ్చేవి, చుట్టాలు వచ్చేవారు. అందులో ఒకామె నన్ను, "నీకేమవుతాడు?" అనడిగింది. మా ఆయన అన్నాను. "మరి నిన్ను ఎవరో అనుకుంటన్నాడే?" అంది. అవునన్నాను.

ఒక పొద్దున ఆయన నర్సమ్మను పిలిచి, నా వైపు చూపించి, "ఆవిడెవరో పాపం, అక్కడే కూర్చునుంది. ఏదన్నా పెట్టండమ్మా," అన్నారు. నర్సమ్మ గంజి తెచ్చిచ్చింది. నా పెనిమిటి దయతలిచి పరాయిదానికి పెట్టించిన గంజి అది. తాగాను.

వాక్యం వినిపిస్తే దారి దొరుకుతుందేమోనని, ఆయనకు ఇష్టమైన కీర్తన మెల్లగా ఎత్తాను. "ఆ గోల ఆపండమ్మా, లెక్క తప్పుతోంది," అని కసురుకున్నారు. ఆపేశాను. అప్పుడు నిజంగా నాకెవరూ లేకుండా పోయారు. ఆత్మ వేరు, శరీరం వేరు అని ఆదివారాల్లో ఎన్నిసార్లు విన్నాను, స్త్రీల కూడికలో నేనే ఎన్నిసార్లు చెప్పాను. ఆ వరండాలో అది చెప్పుకోలేకపోయాను. ఒక పేడు గుచ్చుకుంటే, ఆ చీము నెత్తుట్లో కలిస్తే, దేవుణ్ణి కూడా మనిషి మరిచిపోతాడా? మరి ఆ విశ్వాసం ఇన్నాళ్ళూ ఎక్కడుంది, ఇప్పుడెక్కడికి పోయింది? అడిగాను. జవాబేమీ రాలేదు. ఊళ్ళో గుడి గంట మోగింది, అది ఆదివారమని తెలిసింది. ఇవాళ మా గుడిలో వాక్యం ఎవరు చదువుతున్నారో అనుకున్నాను. ఎవరైనా వస్తారేమోనని రోడ్డు వైపు చూశాను.

ఎవరూ రాలేదు. కానీ అలా చూస్తూ ఉండగా ఒకటి తట్టింది. ఆయన నన్ను మరిచిపోయారు, అయినా నేను ఆయన భార్యనే. ఆయన జ్ఞాపకం పోయినంత మాత్రాన నా స్థానం పోలేదు. నేనే ఇలా గుమ్మం దగ్గర కూర్చుని ఉంటే, నాకంటే గొప్పవాడు లేచి వెళ్ళిపోతాడా? మనిషి దేవుణ్ణి పట్టుకోవడం కాదు విశ్వాసం, దేవుడు పట్టుకుని ఉండడం. ఇది ఏ పాదిరిగారూ నాకు చెప్పింది కాదు. అప్పుడు ఏడుపు రాలేదు, బరువూ తగ్గలేదు. కూర్చోవడానికి కాస్త చోటు దొరికినట్టయింది, అంతే.

జ్వరం ముందు దిగింది. ఇంక అయిపోయిందని నేను సంబరపడితే డాక్టరమ్మ, "ఒళ్ళు పరుగెత్తి వస్తుంది, మెదడు నడిచి వస్తుంది. తొందరపెట్టకు," అంది. నిజంగానే నడిచి వచ్చింది, మధ్య మధ్య కూలబడుతూ. పొద్దున ఊరి పేరు సరిగ్గా చెప్పి, మధ్యాహ్నానికి పోగొట్టుకునేవారు. వేళ్ళు దుప్పటి మీద ఆగాయి. ఆ తర్వాత ఒక ఉదయం కళ్ళు తెరిచి నన్ను చూసి, చిరాగ్గా, "ఏమే, నువ్విక్కడున్నావేంటి? పాక ఎవరు చూస్తున్నారు?" అన్నారు.

నేను లేచి ఆసుపత్రి వెనక చేతిపంపు దగ్గరికి వెళ్ళి, ముఖం కడుక్కుంటున్నట్టు నటిస్తూ చాలాసేపు ఉండిపోయాను.

మేం ఇంటికి వచ్చేసరికి తొలకరి పడింది, తోటలు ఖాళీ అయ్యాయి. సంఘం కృతజ్ఞతా కూడిక పెట్టింది. పెద్దాయన మా ఆయన్ను ముందుకు పిలిచి, "పరలోకపు గుమ్మం దాకా వెళ్ళొచ్చావు గదా, ఏం చూశావో చెప్పు నాయనా," అన్నారు.

"నాకేం గుర్తులేదండీ పెద్దయ్యగారూ," అన్నారు మా ఆయన. "చెయ్యి నొప్పి పుట్టింది. తర్వాత ఆసుపత్రిలో గంజి తాగాను. మధ్యలో ఏముందో ఈవిణ్ణి అడగండి."

కొందరు నవ్వారు. నన్ను ఎవరూ అడగలేదు. పెద్దాయన ఆనాటి పాట సంగతి నాతో ఎన్నడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ ఆ తర్వాత సంఘంలో ఎవరికి జ్వరమని కబురొచ్చినా, ఆయన అడిగే మొదటి మాట మారింది. "మనిషి మనిషిలా మాట్లాడుతున్నాడా? కొత్తగా ఏమన్నా అంటున్నాడా?" అని అడిగేవారు. తేడా ఉందంటే ముందు బండి, ఆ తర్వాతే ప్రార్థన. అలా కనీసం ఒక బాలింత బతికిందని నాకు తెలుసు.

మా ఆయన బతికారు. నేను అడిగింది అదే, దేవుడు ఇచ్చింది అదే. కానీ మొత్తం మనిషి తిరిగి రాలేదు. చదువుతూ చదువుతూ వరస పోగొట్టుకుని, పైనుంచి మళ్ళీ మొదలెట్టేవారు. చెప్పే మాట మధ్యలో తెగిపోయి, దాన్ని వెతుక్కుంటూ సంఘం ముందు నిలబడిపోయేవారు. రెండు మూడు ఆదివారాలు అలా జరిగాక, ఎవరూ అనకముందే, ఆయనే ఉపదేశి పని వదిలేశారు. మరొకరు వచ్చారు. మంచివాడే. ఆయన చెబుతుంటే మా ఆయన వెనక వరసలో కూర్చుని, అన్నీ కొత్తగా వింటున్నట్టు తల ఊపేవారు. అందులో కొన్ని మాటలు ఆయన ఒకప్పుడు కంఠతా చెప్పినవి. అది చూడడం నాకు కష్టంగా ఉండేది. ఆయనకు అంత కష్టంగా ఉన్నట్టు కనిపించేది కాదు, అదింకా కష్టం.

ఒకసారి వాకిట్లో కూర్చుని ఉండగా అడిగారు, "అప్పుడు నేను నిన్నేమైనా అన్నానా?"

"అమ్మగారూ అన్నారు."

"అయితే మర్యాదగానే ఉన్నానన్నమాట. ఒంట్లో బాగున్నప్పటికంటే అదే నయం."

ఇద్దరం నవ్వాం. కానీ ఆయన విన్నదానికి నవ్వారు, నేను చూసినదానికి నవ్వాను. ఆ బండి ప్రయాణం మా ఇద్దరిదీ, అందులో ఉన్నది మాత్రం నేనొక్కదాన్నే. ఎంత చెప్పినా ఆయన దాంట్లోకి రాలేరు. ఒక మనిషితో ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తింటూ, ఆ మనిషి కోసమే ఎదురుచూస్తూ బతకొచ్చని నాకప్పుడే తెలిసింది.

సాయంత్రం ప్రార్థన మాత్రం ఆయన మానలేదు. బాగా మొదలుపెట్టేవారు, పాత గొంతుతో. మధ్యలో ఎక్కడో దారి తప్పి ఆగిపోయి, కళ్ళు తెరిచి నా వైపు చూసేవారు. ఆయన వదిలిన చోటునుంచి నేను అందుకుని ముగించేదాన్ని. ఏళ్ళ తరబడి మా ఇద్దరిదీ కలిపి ఒకే ప్రార్థన.

ఇప్పుడు ఆయన ప్రభువు దగ్గర ఉన్నారు. సాయంత్రం నేనొక్కదాన్నే మొదలుపెడతాను. సగం దాకా వచ్చేసరికి నా నోరు ఆగిపోతుంది, ఆ సగం ఎప్పుడూ ఆయనది. ఇంతదాకా చదివిన మీరు ఎవరో, ఏ ఊరో, ఏ మతమో నాకు తెలియదు. ఈ పూటకు నా పక్కన కూర్చోండి. నేను మొదలుపెడతాను.

ప్రభువా, ఈ పూట ఏదో ఒక ఇంట్లో మనిషి మాట మారుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు దాన్ని నిద్రనుకుంటున్నారు, భక్తి అనుకుంటున్నారు, దయ్యమనుకుంటున్నారు. అందులో ఒక్కరికైనా అనుమానం పుట్టించు. ఆ మనిషిని ఎక్కించుకుపోవడానికి ఒక బండి పంపించు. తనను ఎరగని కళ్ళ ముందు కూర్చుని ఉన్న ఆవిణ్ణి...

ఇక్కణ్ణించి మీరు అందుకోండి.